మేకల పోషణ — సూక్ష్మ ఖనిజముల ఆవశ్యకత

మేక పేదయింటి ఆపద్ధనము. వైద్యమునకో, పిల్లల చదువునకో డబ్బు కావలసినప్పుడు కూలివాని ఇంట మొదట అమ్ముడుపోవునది మేకయే. అట్టి మేక కడుపునిండ మేయుచున్నను చిక్కిపోవుట, దాని పిల్లలు పుట్టిన కొలది దినములకే చనిపోవుట కొన్ని మందలలో చూచుచున్నాము. నట్టలు, అంటురోగములు దీనికి ముఖ్యకారణములు. అవి లేవని పశువైద్యుడు తేల్చినప్పుడు, మేతలోని ఖనిజలోపమును గూర్చి మనము యోచింపవలెను.

ఇనుము, రాగి, కోబాల్టు, జింకు, అయోడిన్ మొదలగునవి సూక్ష్మ ఖనిజములు. ఇవి కావలసినది రవ్వంతయే. కిలో ఎండుమేతలో కోబాల్టు ఒక మిల్లీగ్రాములో పదవవంతు ఉన్న చాలును. ఆపాటియు లేనిచో తిన్న మేత వంటబట్టదు. ఎట్లనగా, మేక పెద్దపొట్టలోని సూక్ష్మజీవులు కోబాల్టుతో బి-12 విటమినును తయారుచేయును. అచ్చట మేత పులిసి ప్రొపియోనిక్ ఆమ్లము పుట్టును. దానిని దేహము చక్కెరగా మార్చుకొనుటకు ఈ విటమిను కావలెను. ఈ లోపము లోకమునకు తెలిసినది 1935లో. పచ్చికలో మేయుచునే గొఱ్ఱెలు క్షీణించుటకు కోబాల్టు లేమి కారణమని ఆస్ట్రేలియా శాస్త్రజ్ఞులు ఆ ఏట కనుగొనిరి.

చూడిమేకకు రాగి చాలనిచో పిల్లలు వెనుకకాళ్ళు తూలి నడువలేవు. అయోడిన్ చాలనిచో గొంతువాపుతో బలహీనమైన పిల్లలు పుట్టును. జింకు లోపించినచో చర్మము పొలుసులు కట్టి వెండ్రుకలు రాలును.

అట్లని హెచ్చుగా పెట్టుట మేలు కాదు. రాగి మితిమీరినచో కాలేయము చెడి ప్రాణాపాయము కలుగును. మేకలకంటె గొఱ్ఱెలు ఈ విషమునకు త్వరగా లోనగును. కావున రెంటిని కలిపి మేపువారు మేకల మిశ్రమమును గొఱ్ఱెలకు అందనీయరాదు. మఱియు మేతలో మాలిబ్డినము, గంధకము అధికముగా ఉన్నచో, రాగి ఉండియు దేహమునకు పట్టదు. అందుచేత లోపమేదో పరీక్షలో తేలనిదే మందు పెట్టుట తగదు.

పంచాయతీ సభ్యులు చేయదగిన పనులు నాలుగు. మందలకు సకాలమున నట్టలమందు వేయింపవలెను. రక్తమును, మేతను పరీక్ష చేయించుటకు పశువైద్యుని సహాయము కోరవలెను. ఆయన సూచించిన ఖనిజ మిశ్రమమును పెంపకందారులు ఉమ్మడిగా కొని, తడి తగులకుండ దాచి, చెప్పిన కొలతలోనే వాడునట్లు చూడవలెను. బంజరులలో తుమ్మ, రేగు వంటి పలువిధముల మేతచెట్లను కాపాడవలెను. మిశ్రమము మేతకు తోడేగాని బదులు కాదు.

పేదయింట బ్రతికిన ప్రతి మేకపిల్లయు ఆ యింటికి ఒక ఆసరా. వచ్చు పంచాయతీ సమావేశమున ఈ విషయమును చర్చింపవలసినదిగా కోరుచున్నాము.