జొన్నపిండి బేకరీకి వెళితే

వికారాబాద్, తాండూరు ప్రాంతపు పిల్లలకు జొన్నరొట్టెను గురించి వేరే చెప్పనక్కరలేదు. మరిగే నీళ్ళు పోసి పిండి కలపడం, అరచేత్తో తట్టి పెనం మీద వేయడం, పైన తడిగుడ్డతో అద్దడం వారు రోజూ చూసేవే. అదే జొన్నపిండి ఇప్పుడు బేకరీలోకీ అడుగు పెట్టింది. అద్దాల బీరువాలో ఉస్మానియా బిస్కట్ల పక్కన జొన్న బిస్కట్లు, రాగి కేకులు కనబడుతున్నాయి. ఐక్యరాజ్య సమితి 2023ను అంతర్జాతీయ చిరుధాన్యాల సంవత్సరంగా పాటించింది. హైదరాబాదులోని రాజేంద్రనగర్‌లో ఉన్న భారతీయ చిరుధాన్యాల పరిశోధన సంస్థ ఇలాంటి వంటకాల తయారీ పద్ధతులను రూపొందిస్తున్నది.

అయితే ఒక సంగతి గమనించారా? జొన్న బిస్కట్ సులువుగా దొరుకుతుంది. మైదా కలపకుండా అచ్చంగా జొన్నపిండితో చేసి, దూదిలా పొంగిన బ్రెడ్డు మాత్రం బహు అరుదు. ఎందుచేత?

జవాబు మీ వంటింట్లోనే ఉంది. ఒక గిన్నెలో గుప్పెడు మైదా, ఇంకో గిన్నెలో గుప్పెడు జొన్నపిండి తీసుకుని, చన్నీళ్ళతో విడివిడిగా ముద్ద చేయండి. అరగంట అలా ఉంచండి. తరువాత ఒక్కొక్క ముద్దను నీళ్ళలో ముంచి వేళ్ళతో మెల్లగా పిసకండి. నీళ్ళు పాలలా తెల్లబడతాయి. అది పిండిపదార్థం. నీళ్ళు మారుస్తూ పిసుకుతూ ఉంటే జొన్నముద్ద కాస్తా విడిపోయి గిన్నె అడుగుకు చేరుతుంది. మైదా ముద్దలో మాత్రం రబ్బరులా సాగే బంక ఒకటి చేతిలో మిగులుతుంది. దాని పేరు గ్లూటెన్. ఇటలీ దేశంలోని బొలోన్యా నగర శాస్త్రజ్ఞుడు బెకారి గోధుమపిండిని ఇలాగే కడిగి దీనిని వేరుచేసే పద్ధతిని 1728లోనే వివరించాడు.

గోధుమలో గ్లూటెనిన్, గ్లయాడిన్ అనే రెండు రకాల మాంసకృత్తులు ఉన్నాయి. నీళ్ళు తగిలి, పిండిని బాగా మర్దించినప్పుడు ఇవి పెనవేసుకుని వలలా అల్లుకుంటాయి. మొదటిది బిగువునూ, రెండోది సాగే గుణాన్నీ ఇస్తుంది. బ్రెడ్డు ముద్దలో వేసిన ఈస్టు చక్కెరను వాడుకుని కార్బన్ డై ఆక్సైడు వాయువును విడుస్తుంది. ఆ వాయువు ఈ వలలో చిక్కి బుడగలవుతుంది, ముద్ద పొంగుతుంది. జొన్నలోని ముఖ్యమైన మాంసకృత్తుల పేరు కాఫిరిన్లు. ఇవి గింజలో చిన్న చిన్న గుళికలుగా బందీలై ఉంటాయి, నీటిని దగ్గరకు రానివ్వవు. కనుక వల లేదు. వాయువు పుట్టినా నిలవదు.

మరి రొట్టె ఎలా నిలుస్తున్నది? వేడినీళ్ళ మహిమ అదే. సుమారు 70 డిగ్రీల వేడి దగ్గర జొన్నలోని పిండిపదార్థపు రేణువులు నీరు పీల్చి, ఉబ్బి, జిగురుగా మారతాయి. వల లేని లోటును జిగురుతో పూడ్చుకోవడం అన్నమాట. గ్లూటెన్ పేరైనా వినని అవ్వల ఉపాయం ఇది! రొట్టె తట్టడానికి ఈ జిగురు చాలుతుంది గాని, బుడగలను పట్టి ఉంచడానికి చాలదు. అందుకే జొన్న బ్రెడ్డు చేసేవారు ఇసబ్‌గోలు పొట్టో, గుడ్డులోని తెల్లసొనో కలుపుతారు.

బిస్కట్‌కు ఈ బాధ లేదు. అది కరకరలాడితే చాలు. నిజానికి మైదా బిస్కట్‌లో సైతం గ్లూటెన్ ఎక్కువగా అల్లుకోకుండా ఉండేందుకే వెన్నో, వనస్పతో దండిగా వేస్తారు. జొన్నతో ఉన్న చిక్కల్లా నోటికి తగిలే రవ్వతనమే. పిండిని మెత్తగా విసిరి, పాలతో కలిపి కాసేపు నాననిస్తే అది తగ్గుతుంది.

ఇక రుచి సంగతి. బిస్కట్ కాలేటప్పుడు వచ్చే కమ్మని వాసన, ఎర్రని రంగు ఎక్కడివి? చక్కెరలు, ఎమైనో ఆమ్లాలు వేడికి కలిసి జరిపే చర్య వల్ల. దీనిని ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు మెయార్ 1912లో వివరించాడు. ఇక్కడ తాండూరు కంది మనకు పనికివస్తుంది. ఈ కందికి 2022లో భౌగోళిక గుర్తింపు లభించింది. జొన్నలో లైసిన్ అనే ఎమైనో ఆమ్లం తక్కువ, కందిలో ఎక్కువ. రెండూ కలిస్తే ఒకదాని కొరతను ఇంకొకటి తీరుస్తుంది. పైగా లైసిన్ ఈ చర్యలో మహా చురుకైనది కనుక బిస్కట్ త్వరగా ఎర్రబడుతుంది. వేడి కాస్త తగ్గించాలి, మాడితే లైసిన్ నష్టపోతాము. నాలుగు పాళ్ళ జొన్నపిండికి ఒక పాలు వేయించి విసిరిన కందిపిండి, కాస్త జీలకర్ర, ఉప్పు చేర్చి చూడండి. జొన్న కేకు మీద చాక్లెట్ పూయడం కంటే కందిపొడి వాసన వచ్చే ఈ బిస్కటే కొత్త రుచి అని నేనంటాను.

కొందరికి మాత్రం ఇది సరదా కోసం తినే తిండి కాదు. సీలియాక్ వ్యాధి ఉన్న పిల్లలు గోధుమ తింటే వారి చిన్న పేగు లోపలి పొర దెబ్బతింటుంది, ఎదుగుదల ఆగిపోతుంది. ఈ జబ్బుకూ గోధుమకూ ఉన్న సంబంధాన్ని డచ్చి పిల్లల వైద్యుడు డికె 1950లో తన సిద్ధాంత వ్యాసంలో నిరూపించాడు. గ్లూటెన్ లేని జొన్న వారికి మంచి ఆహారం. కాని పొట్లం మీద 'జొన్న' అని పెద్ద అక్షరాలు ఉన్నంత మాత్రాన నమ్మరాదు. వెనుకవైపు దినుసుల పట్టిక చదవండి. ఎక్కువ బరువున్న దినుసును అందులో ముందు రాయాలన్నది నిబంధన. మొదటి పేరు మైదా అయితే అది జొన్న వేసిన మైదా బిస్కట్టే.

మన దేశంలో గ్లూటెన్ లేనిదని అమ్మే పదార్థంలో అది కిలోకు 20 మిల్లీగ్రాములు మించరాదు. మైదాలో సుమారు పదోవంతు గ్లూటెన్ ఉంటుంది. గోధుమలు ఆడించిన మిల్లులోనే జొన్నలు ఆడించారు, కిలో పిండిలో 5 గ్రాముల గోధుమపిండి కలిసిందనుకోండి. మైదా లెక్కనే చూస్తే అందులో గ్లూటెన్ 500 మిల్లీగ్రాములు, అంటే హద్దుకు 25 రెట్లు.