వంపు తిరుగు బంతి : లాను బౌల్సు క్రీడాకారిణి నయన్‌మోని సైకియా

విద్యార్థులారా! నంద్యాలలోగాని ఆళ్లగడ్డలోగాని గోలీలాట నెఱుగని బాలుడుండడు. ఆ యాటలో గురి చూచిన చోటికే గోలీని కొట్టుదుము. గురిని ప్రక్కకు విడిచి వేసినగాని గమ్యము చేరని బంతితో నాడు ఆట యొకటి కలదు. దానికి లాను బౌల్సు అని పేరు. మీలో దీనిని చూచినవారు అరుదు గనుక, ముందుగా ఆటను వివరించి, పిమ్మట అందు పేరొందిన యొక భారతీయ వనిత చరిత్రమును చెప్పుదుము.

ఈ యాట నాడు స్థలము 31 మొదలు 40 మీటర్ల పొడవుగల చదునైన పచ్చిక. చలియు వానయు మెండుగాగల దేశములలో ఇంటిలోపల తివాచిపైనను ఆడుదురు. మొదట జాక్ అను చిన్న బంతిని దొర్లింతురు. తరువాత ఇరుపక్షములవారును తమ పెద్ద బంతులను ఒకరి వెనుక నొకరు దొర్లించి జాక్ చెంతకు చేర్పజూతురు. ఎదుటివారి బంతు లన్నిటికంటెను జాక్‌నకు దగ్గరగానున్న ప్రతి బంతికిని ఒక్కొక్క పాయింటు లభించును.

ఆళ్లగడ్డ శిల్పికి ఒక రాతిని ఇచ్చి గుండు చెక్కుమన్నచో అన్నివైపులను సమముగా గుండ్రన చేయును. ఈ బంతి యట్టిది గాదు. దీని రెండు ప్రక్కల గుండ్రదనము సమానము గాదు. అందుచేత నిది వేగమున్నంతవరకు ఇంచుమించు తిన్నగా బోయి, వేగము తగ్గినకొలది ప్రక్కకు ఒరగి వంపు తిరుగును. ఒక రూపాయి నాణెమును గచ్చుపై అంచుమీద దొర్లించి చూడుడు. ఆగబోవు వేళ అదెట్లు మలుగునో తెలియును. కావున నీ యాటలో బలమొక్కటియే చాలదు. ఎంత ప్రక్కగా వేయవలెనో, ఎంత మెల్లగా వేయవలెనో ఈ రెంటిని లెక్కింపవలెను.

నయన్‌మోని సైకియా 1988లో అస్సాము రాష్ట్రపు గోలాఘాట్ జిల్లాలో జన్మించెను. ఆమె మొదట అభ్యసించినది బరువులెత్తు క్రీడ. మన శ్రీకాకుళపు ఆడపడుచు కరణం మల్లీశ్వరి 2000 సంవత్సరపు సిడ్నీ ఒలింపిక్సులో కాంస్యపతకమును గెలిచిన క్రీడ యిదియే. కాని కాలికి తగిలిన గాయముచేత నయన్‌మోని దానిని విడువవలసి వచ్చెను. బలమునే నమ్మిన యామె, 2008లో, బలము నణచుకొనవలసిన లాను బౌల్సును చేపట్టెను. అస్సాము అటవీశాఖలో ఉద్యోగము చేయుచునే సాధన సాగించెను. 2014లో గ్లాస్గోలోను, 2018లో గోల్డుకోస్టులోను జరిగిన కామన్వెల్తు క్రీడలలో ఆడి పతకము లేకయే మరలివచ్చెను.

2022లో బర్మింగ్‌హామునకు మరల వెళ్లెను. నలుగురి జట్టులో ఝార్ఖండు పోలీసుశాఖకు చెందిన లవ్లీ చౌబే మొదటిది; ఢిల్లీలో వ్యాయామోపాధ్యాయినియగు పింకి రెండవది; నయన్‌మోని మూడవది; రాంచీకి చెందిన రూపారాణి తిర్కీ నాయకురాలు. ఆగస్టు 1వ తేదీని న్యూజీలాండును 16–13తో ఓడించిరి. మరునాడు దక్షిణాఫ్రికాతో తుదిపోరు. ఒకప్పుడు ఇరుపక్షములును పది పదిగా సమానమాయెను. అప్పుడు తొట్రుపడక తమ లెక్క తప్పక వేసి, 17–10తో స్వర్ణపతకమును గైకొనిరి. కామన్వెల్తు క్రీడలలో లాను బౌల్సునందు భారతదేశమునకు లభించిన మొదటి పతక మిదియే. నయన్‌మోనికి 2022 సంవత్సరపు అర్జున పురస్కారము లభించెను.

కాలు బెణికియో చేయి విరిగియో పరుగుపందెమునకు దూరమై, ఇక మాకు ఆటలు లేవని మూల గూర్చుండు విద్యార్థులను మేము ఏటేట చూచుచున్నాము. వారికే ఈ చరిత్రమును ముఖ్యముగా చెప్పుచున్నాము. గాయము నయన్‌మోని మార్గమును వంచెనేగాని ఆమెను ఆపలేదు. మీ శరీరమునకు తగిన మఱియొక యాట యేదియో మీ వ్యాయామోపాధ్యాయు నడిగి తెలిసికొనుడు. సాధనమును మాత్రము రేపటికి వాయిదా వేయకుడు.