గుర్రాల కింద మనిషి: ఒక పాత ఛేజ్‌లో తొమ్మిదో తరగతి మోషన్ పాఠం



తొమ్మిదో తరగతిలో మోషన్ పాఠానికి రైలు, ప్లాట్‌ఫారం ఉదాహరణ అందరం చెబుతాం. పిల్లలు రాసుకుంటారు, మర్చిపోతారు. అదే సినిమా ఛేజ్ మాట ఎత్తితే చివరి బెంచీ కూడా లేచి కూర్చుంటుంది. అందుకే ఈ నెల మీకో పాత ఛేజ్‌ను పరిచయం చేస్తున్నాను. రీల్స్ చూసి బైక్ హ్యాండిల్ వదిలేయాలని ఉబలాటపడే వయసు పిల్లలు ఇంట్లో ఉంటే, వాళ్లను పక్కన కూర్చోబెట్టుకుని మరీ చూడండి.

సినిమా పేరు ‘స్టేజ్‌కోచ్’. 1939లో వచ్చిన అమెరికన్ బ్లాక్ అండ్ వైట్ వెస్టర్న్. దర్శకుడు జాన్ ఫోర్డ్, హీరో జాన్ వేన్. స్టేజ్‌కోచ్ అంటే ప్రయాణికుల్ని ఊరి నుంచి ఊరికి చేరవేసే గుర్రాల బండి. ఇందులో దానికి ఆరు గుర్రాలు, రెండేసి చొప్పున మూడు జతలు. అపాచీ యోధులు దాన్ని తరుముతారు. (వాళ్లెందుకు తరుముతున్నారని మీ పాప అడిగితే, మంచి ప్రశ్న వేశావని మెచ్చుకోండి. వాళ్ల వైపు కథ ఈ సినిమాలో లేదు.)

ఒక అపాచీ రౌతు తన గుర్రం మీంచి బండి ముందు జత గుర్రం మీదకి దూకుతాడు. హీరో కాలుస్తాడు. రౌతు గుర్రాల మధ్యకి జారిపోయి, బండి నొగ పట్టుకుని నేల మీద ఈడ్చుకుపోతాడు. చివరికి చేతులు వదిలేస్తాడు. వెనక జతల గుర్రాలు, ఆ తర్వాత బండి మొత్తం అతని మీదుగా వెళ్లిపోతాయి. గ్రాఫిక్స్ లేవు, బొమ్మ కాదు. ఆ మనిషి యకిమా కనట్. సినిమాల్లోకి రాకముందు రోడియో పోటీల్లో పేరున్న రౌతు. జాన్ వేన్‌కు డూప్‌గా గుర్రం నుంచి గుర్రానికి దూకుతూ ముందుకు వెళ్లిందీ ఆయనే.

ఇప్పుడు లెక్క. గుర్రాలు గంటకు 40 కిలోమీటర్ల వేగంతో పోతున్నాయనుకుందాం. అంటే సెకనుకు సుమారు 11 మీటర్లు. అతని మీదుగా దాటాల్సిన పొడవు 12 మీటర్లనుకుందాం. (ఈ రెండు అంకెలూ లెక్క కోసం నేను అనుకున్నవే.) మీ అబ్బాయి టక్కున 1.1 సెకన్లు అంటాడు. ఆగమనండి. చేతులు వదిలిన క్షణంలో మనిషి వేగం కూడా 11 మీటర్లే కదా! బండితో పోలిస్తే అతను కదలనట్టే లెక్క. నేల రాపిడి అతన్ని నెమ్మదింపజేస్తుంది, బండి మాత్రం అదే వేగంతో పోతుంది. ఆ తేడా పెరిగే కొద్దీ బండి అతన్ని దాటుతుంది. కాబట్టి అసలు సమయం 1.1 సెకన్ల కంటే ఎక్కువే. రైలు, ప్లాట్‌ఫారం చెప్పలేని సంగతి ఇది.

నాకు బాగా నచ్చింది కనట్ స్వయంగా చెప్పిన కిటుకు. గుర్రాల్ని మెల్లగా తోలితే ప్రమాదం తక్కువని మనం అనుకుంటాం. ఆయన లెక్క దానికి తలకిందులు. మెల్లగా పోయే గుర్రాలు అటూ ఇటూ ఊగుతాయి, వేగంగా పరిగెత్తేవి తిన్నగా పోతాయి. తిన్నగా పోతేనే మధ్యలో మనిషికి చోటు మిగులుతుంది. వదిలేటప్పుడు చేతులు ఛాతీ మీదకి తెచ్చి మోచేతులు ఒంటికి అదిమి పెట్టుకోవాలి, లేదంటే ముందు ఇరుసు తగులుతుంది. ఈ షాట్ తీసింది కూడా రోడ్డు మీద కాదు, కాలిఫోర్నియాలో లూసర్న్ అనే ఎండిపోయిన సరస్సులో, బల్లపరుపు నేల మీద. పైగా ఇలాంటి ఫీటు ఆయన అంతకుముందు చిన్న బడ్జెట్ సినిమాల్లో చేసి ఉన్నాడు. తెర మీద కనిపించేది కొద్ది సెకన్లు. దాని వెనక ఉన్న ఏళ్ల సాధన రీల్‌లో పట్టదు. “వద్దు” అని పదిసార్లు అనేకంటే, మోచేతుల సంగతి ఒక్కసారి చెబితే పిల్లలు ఎక్కువ ఆలోచిస్తారని నా అనుభవం.

కెమెరా సంగతికొద్దాం. పక్కనే కారు మీద కెమెరా అదే వేగంతో పోతుంటే గుర్రాలు ఫ్రేములో ఉన్నచోటే ఉంటాయి, నేల మాత్రం వెనక్కి ఉరుకుతుంది. ఇదీ రిలేటివ్ మోషనే. బండి లోపల నటుల క్లోజప్‌లు స్టూడియోలో తీసినవి. ముందే చిత్రీకరించిన దృశ్యాన్ని వెనక తెర మీద వేసి, దాని ముందు వాళ్లను కూర్చోబెట్టారు. ఇంకో గమ్మత్తు: బండి ఒక షాట్‌లో ఎడమ నుంచి కుడికి, మరో షాట్‌లో కుడి నుంచి ఎడమకి పోతుంది. ఫిల్మ్ స్కూల్లో ఇలా చేస్తే మార్కులు కోస్తారు! అయినా మనం తికమకపడం. ఖాళీ మైదానంలో ఉన్నది ఒక్కటే బండి, తరిమేవాళ్లు ఎప్పుడూ దాని వెనకే.

ఒక్క విషయం మాత్రం దాచకుండా చెప్పండి. ఆ రోజుల్లో గుర్రాన్ని పడగొట్టడానికి ముందరి కాళ్లకు తీగ కట్టి, రెండో కొసను నేలలో పాతేవారు. తీగ బిగియగానే పరుగులో ఉన్న గుర్రం బోర్లా పడేది. ఎన్నో గుర్రాలు చనిపోయాయి. అదే 1939లో వచ్చిన ‘జెస్సీ జేమ్స్’ కోసం గుర్రాన్ని కొండ మీంచి దూకిస్తే అది చచ్చిపోయింది. జనం మండిపడ్డారు. 1940 నుంచి అమెరికన్ హ్యూమేన్ అసోసియేషన్ షూటింగులపై నిఘా మొదలుపెట్టింది. మన తెలుగు సినిమాల మొదట్లో జంతువులకు హాని చేయలేదని వేసే ప్రకటన మీరు చూసే ఉంటారు. మన దగ్గర అనుమతి ఇచ్చేది జంతు సంక్షేమ బోర్డు.

ఛేజ్ సినిమా చివరి భాగంలో వస్తుంది. మొదటిసారి మామూలుగా చూడండి. రెండోసారి సౌండ్ తీసేసి, బండి దిశ ఎన్నిసార్లు మారిందో పిల్లల్ని లెక్కపెట్టమనండి. కనట్ చేతులు వదిలిన క్షణం నుంచి బండి దాటేదాకా ఫోన్‌లో స్టాప్‌వాచ్ పెట్టించండి. వచ్చిన అంకెను ఫిజిక్స్ నోట్‌బుక్ చివరి పేజీలో రాసి పంపండి. క్లాసులో అందరి అంకెలూ బోర్డు మీద వేసి, 1.1తో పోల్చి చూస్తాం.