పసుపు ఊరి పెరటిలో అడ్డసరం

ఆర్మూరు చుట్టుపక్కల గ్రామాలలో జూన్‌లో నాటిన పసుపును జనవరి మొదలుకొని మార్చి వరకు త్రవ్వుతారు. కొమ్ములను ఉడికించి, కళ్ళాలలో ఆరబెట్టి, డ్రమ్ములలో తిప్పి మెరుగు పెడతారు. ఆ రోజులలో లేచే ధూళి, తెల్లవారుజామున కురిసే మంచు రెండూ కలిసి గొంతును పట్టుకుంటాయి. దగ్గు వచ్చిన ఇంట ముందుగా తోచేది పాలలో చిటికెడు పసుపు. అది మంచిదే. అయితే ఛాతీలో పేరుకున్న కఫం కదలాలంటే పెరటిలో మరొక మొక్క కూడా ఉండాలి. అదే అడ్డసరం.

సంస్కృతంలో దీనిని వాస, ఆటరూషకం, సింహాస్యం అన్నారు. పువ్వు నోరు తెరచిన సింహంలా కనిపించుటచేత చివరి పేరు వచ్చింది. తెల్లని పువ్వుల క్రింది పెదవిపై ఊదారంగు గీతలు ఉంటాయి. రుచి తిక్త కషాయం, వీర్యం శీతం. కఫ పిత్తములను హరిస్తుంది. ఆకులోని వాసిసిన్ అనే పదార్థం ఆధారంగానే నేటి దగ్గుమందులలో వాడే బ్రోమ్‌హెక్సిన్ రూపొందింది.

పెంచుట చాలా సులభం. విత్తనాల కోసం వెదకనవసరం లేదు. ముదిరిన కొమ్మను జానెడు పొడవున, మూడు నాలుగు కణుపులు ఉండేటట్లు కోసి, తొలకరి వానలు పడగానే రెండు కణుపులు మట్టిలో మునిగేలా నాటాలి. మొక్కకు మొక్కకు సుమారు ఒక మీటరు ఎడం చాలును. ఎర్రనేలైనా, రాళ్ళు కలిసిన నేలైనా పెరుగుతుంది. నీరు నిలిచే చోట మాత్రం వేరు కుళ్ళుతుంది. నల్లరేగడి పెరడు గలవారు గట్టు చేసి, దానిపై నాటుట మేలు. మొదటి వేసవిలో వారానికి రెండుసార్లు నీరు పోస్తే తరువాత దాదాపు తన దారి తాను చూసుకుంటుంది. ఆకు చేదుకు మేకలు సాధారణంగా ముట్టవు కనుక కంచెగానూ పనికివస్తుంది. ఏటా ఒకసారి కొమ్మలు కత్తిరిస్తే గుబురుగా చిగురిస్తుంది. ఆకులను నీడలోనే ఆరబెట్టాలి.

కోసేముందు మొక్కను తప్పక గుర్తుపట్టాలి. అడ్డసరం ఆకులు కణుపు వద్ద రెండేసి ఎదురెదురుగా ఉంటాయి, తుంచితే పాలు కారవు. గన్నేరు ఆకులు సన్నగా, గట్టిగా, సాధారణంగా కణుపుకు మూడేసి ఉంటాయి. గన్నేరు గుండెను ఆపగల విషం.

పచ్చి ఆకును నూరితే రసం సరిగా రాదు. ఆరేడు పెద్ద ఆకులను ఇడ్లీ పాత్రలో ఐదారు నిమిషాలు ఆవిరిపై ఉంచి, నూరి, గుడ్డలో పిండాలి. పెద్దలు రెండు చెంచాల రసాన్ని ఒక చెంచా తేనెతో ఉదయం, సాయంత్రం మూడు నాలుగు రోజులు తీసుకొనవచ్చును. చిన్నపిల్లలకు వైద్యుని అడగకుండా ఇవ్వరాదు. ఏడాది నిండని శిశువుకు తేనె అసలే పనికిరాదు. గర్భిణులు దీనిని తాకకుండుటే మంచిది, ఇది గర్భాశయాన్ని సంకోచింపజేస్తుంది.

ఇక అసలు విషయం. ప్రాచీన వైద్యులు రక్తపిత్తంలో, అనగా నోటి నుండి, ముక్కు నుండి రక్తం పడినప్పుడు, వాసను శ్రేష్ఠమని చెప్పారు. ఈ మాట పట్టుకొని, కఫంలో రక్తపు చార కనిపించినా ఆకురసంతో నెలలు గడిపే కుటుంబాలు ఉన్నాయి. "పసుపు దుమ్ము వల్లనే" అని సర్దిచెప్పుకొనుట కూడా తరచు వినిపించేదే. దగ్గు రెండు వారాలు దాటినా, సాయంత్రపు జ్వరం, బరువు తగ్గుట, రక్తపు చార కనిపించినా కఫపరీక్ష చేయించాలి. ప్రభుత్వ వైద్యశాలలలో అది ఉచితం. క్షయ అని తేలితే సాధారణంగా ఆరు నెలలు మానకుండా మందులు మింగవలసి ఉంటుంది. ఆ కాలంలో అడ్డసరం రసం తీసుకొనదలచినవారు మందులిచ్చే వైద్యునికి చెప్పి తీసుకొనాలి.