పాత పికప్ డోర్‌కు కిటికీ గాజు వేయొచ్చా?

ప్రశ్న: మా నాన్నగారి పాత మహీంద్రా పికప్ డోర్ అద్దం పగిలింది. కొత్తది దొరకడం లేదు. మార్కాపురంలో కిటికీ గాజు కోసే షాపులో చేయించుకోవచ్చా?
– ఒక పాఠకుడు, గిద్దలూరు

జవాబు: వద్దండి. మామూలు గాజు పగిలితే కత్తుల్లాంటి ముక్కలవుతుంది, అదీ మీ మెడ పక్కనే. మోటారు వాహనాల నిబంధనల ప్రకారం కూడా అక్కడ సేఫ్టీ గ్లాసే ఉండాలి. టఫెన్డ్ గ్లాసు చేయించండి. టఫెన్ చేశాక దాన్ని కోయలేం, బెజ్జం వేయలేం. అందుకే కొలత ముందే పక్కాగా ఉండాలి. అవతలి డోర్ అద్దం విప్పి, ప్లైవుడ్ మీద పెట్టి చుట్టూ గీయండి. ఆ ప్లైవుడ్‌ను కోసి తిరగేస్తే మీకు కావలసిన ఆకారం వస్తుంది. మందం కూడా కొలవండి. అద్దానికి వంపు ఉంటే మాత్రం ఈ పద్ధతి పనికిరాదు, పాత సామాన్ల షాపుల్లో వెతకాల్సిందే.

పలకల క్వారీల వైపు తిరిగే బండయితే అద్దం జారే ఫెల్ట్ ఛానల్ తప్పక మార్చండి. అందులో ఇరుక్కున్న రాతి దుమ్ము కొత్త అద్దాన్ని దించిన ప్రతిసారీ గీకేస్తుంది. డోర్ లోపలి గాజు పలుకులన్నీ వ్యాక్యూమ్‌తో తీయించండి. అడుగున నీళ్లు పోయే రంధ్రాలు పూడిపోయి ఉంటే పుల్లతో తెరవండి, లేకుంటే డోర్ తుప్పు పడుతుంది. రంగు గ్లాసు కావాలనుకుంటే, పక్క అద్దంలోంచి కనీసం 50 శాతం వెలుతురు రావాలి.