మార్చిన బండిలో దోషం వెదకడం

కోయంబత్తూరు, మదురై ప్రాంతాలలో తెలుగువారు స్థిరపడి కొన్ని వందల ఏళ్లయింది. విజయనగర రాజుల కాలంలోను, ఆ తరువాత మదురై నాయక రాజుల కాలంలోను వచ్చినవారిలో చాలామంది నల్లరేగడి నేలల్లో పత్తి పండించారు. పత్తి ఉన్నచోట మిల్లులు లేచాయి. మిల్లు యంత్రాలు చెడితే బాగుచేయడానికి లేతు పట్టరలు, ఇనుప పోత కార్ఖానాలు వచ్చాయి. వాటి పక్కనే మోటారు షెడ్లు వెలిశాయి. ఇంట్లో తెలుగు, వీధిలో తమిళం, షెడ్డులో పనిముట్ల పేర్లన్నీ ఇంగ్లీషు. క్లచ్చి, గేరు, బేరింగు అనే మాటలు మన ఇళ్లలో ముసలమ్మలకు కూడా తెలుసు.

ఈ ప్రాంతంలో యంత్రాల గురించి చెప్పేవారెవరైనా జి.డి. నాయుడుగారితోనే మొదలుపెడతారు. ఆయన 1893లో కోయంబత్తూరు దగ్గరి కలంగల్ గ్రామంలో పుట్టారు. చదువు మీద మనసు నిలవలేదు. ఒక తెల్ల అధికారి నడిపిన మోటారు సైకిలును చూసి, అలాంటిది కొనాలని హోటలులో సర్వరుగా పనిచేసి డబ్బు కూడబెట్టారు. కొన్నాక దానిమీద ఊరేగలేదు. మరమరకూ విప్పి, మళ్లీ బిగించి, అది ఎలా నడుస్తున్నదో తెలుసుకున్నారు. 1920లో పొల్లాచి, పళనిల మధ్య ఒక్క బస్సుతో మొదలుపెట్టి పెద్ద రవాణా సంస్థను నిర్మించారు. విప్పడం అందరికీ వస్తుంది. విప్పినదాన్ని తిరిగి బిగించి నడిపించడంలోనే మెకానిక్కు తెలివి బయటపడుతుంది.

రెండవ ప్రపంచ యుద్ధకాలంలో పెట్రోలుకు రేషను వచ్చింది. బస్సులు ఆగిపోకుండా వాటి వెనుక బొగ్గు కుంపటి లాంటి పెద్ద ఉక్కుడబ్బాను అమర్చారు. బొగ్గు సగం సగం కాలినప్పుడు పుట్టే వాయువుతోనే ఇంజను నడిచేది. మదురైలో టి.వి. సుందరం అయ్యంగారి సంస్థ ఇలాంటి గ్యాసు ప్లాంటును తయారుచేసింది. మన వైపు రోడ్లమీద జనం చూసిన తొలి 'మార్చిన బండ్లు' ఇవే అనవచ్చు. పెట్రోలు కోసం చేసిన ఇంజనుకు బొగ్గు వాయువు పెడితే దాని బలం మూడోవంతు నుంచి సగం దాకా తగ్గేది. ఆ వాయువు మెల్లగా మండుతుంది కాబట్టి నిప్పురవ్వ కాస్త ముందుగా పడేటట్లు టైమింగు మార్చవలసి వచ్చేది. వాయువుతో వచ్చే తారు, మసి వడపోతను మూసివేసేవి. డ్రైవరు "బండి లాగడంలేదు" అంటే తెలిసిన మెకానిక్కు ఇంజను జోలికి పోకుండా మొదట వడపోతను విప్పేవాడు. ఇంజను పాతదే, దానికి జతచేసినదే కొత్తది. తగవు సాధారణంగా ఆ రెండూ కలిసే చోట పుడుతుంది.

ఈ సంగతి నాకు పుస్తకాలవల్ల తెలియలేదు. మా మేనమామ షెడ్డులో తెలిసింది.

అది 1990, కార్తికమాసం. నేను కాలేజీలో చదువుతూ సెలవు రోజుల్లో మామ షెడ్డులో లెక్కలు రాసేవాడిని. ఒక సాయంత్రం మదురై పక్కనుంచి ఒక అంబాసిడర్ టాక్సీ వచ్చి ఆగింది. నడిపేవాడే దాని యజమాని. అతనూ మన తెలుగువాడే. పెట్రోలు ధర భరించలేక, అప్పుచేసి, ఇంజను తీయించి డీజిలు ఇంజను పెట్టించాడు. ఆ రోజుల్లో ఇలా మార్పించుకున్న టాక్సీలు మా వైపు చాలా ఉండేవి. (ఇంజను మారిస్తే ఆ సంగతి బండి రిజిస్ట్రేషను పుస్తకంలో నమోదు చేయించాలి. 1988 నాటి మోటారు వాహనాల చట్టంలో 52వ సెక్షను దీనికోసమే ఉన్నది. అతడు అది చేయించుకున్నాడు. చాలామంది చేయించుకోరు.)

"అన్నా, అయ్యప్ప సీజను మొదలయింది. పన్నెండు ట్రిప్పులకు బయానా తీసుకొని ఉన్నాను. బండి కొండ ఎక్కడంలేదు. మూడు నెలల్లో రెండుసార్లు క్లచ్చి ప్లేటు మార్చారు. ఇప్పుడు గేర్‌బాక్సే మార్చాలంటున్నారు. అంత డబ్బు నా దగ్గర లేదు" అన్నాడు. బయానా డబ్బు అప్పటికే వడ్డీకి పోయిందని తరువాత తెలిసింది.

"విప్పేది రేపు చూద్దాం తమ్ముడూ. ముందు నువ్వు చెప్పు. కొండమీద ఇంజను గొంతు తగ్గుతుందా, పెరుగుతుందా?" అని అడిగాడు మామ.

అతడు కాసేపు ఆలోచించి, "కిందనుంచి ఎక్కేటప్పుడు తగ్గుతుంది, నల్లపొగ వస్తుంది. సగం కొండ ఎక్కాక గొంతు పెరుగుతుంది గాని బండి కదలదు" అన్నాడు.

మామ నావైపు తిరిగి, "ఇది ఒక జబ్బు కాదురా, రెండు" అన్నాడు.

ఎందుకలా అన్నాడో చూద్దాం. ఇంజను తిప్పే బలం ముందు ఫ్లైవీలుకు వస్తుంది. ఫ్లైవీలుకు అతుక్కొని తిరిగే క్లచ్చి ప్లేటు ఆ బలాన్ని గేర్‌బాక్సుకు ఇస్తుంది. అక్కడినుంచి పొడవైన ప్రొపెల్లర్ షాఫ్టు వెనుక చక్రాలకు తీసుకొనిపోతుంది. చక్రాలమీద బరువు పడ్డప్పుడు ఇంజను వేగమే పడిపోతే లోపం ఇంజనులో, లేదా దానికి అందే గాలిలో, ఇంధనంలో ఉన్నట్లు. ఇంజను వేగం పెరుగుతున్నా బండి వేగం పెరగకపోతే బలం దారిలో ఎక్కడో జారిపోతున్నట్లు. ఆ జారే చోటు మామూలుగా క్లచ్చియే. 'బండి లాగడంలేదు' అనే ఒక్క మాటలో ఈ రెండూ కలిసిపోయి ఉంటాయి. విడదీసి అడగకపోతే బాగున్న భాగాన్ని విప్పి పారేస్తాము.

మరునాడు ఉదయం మొదట పొగ సంగతి చూశారు. నల్లపొగ అంటే డీజిలు పూర్తిగా మండడంలేదు. గాలి చాలకపోవచ్చు, లేదా డీజిలు ఎక్కువగా పడుతుండవచ్చు. నీలిపొగ అయితే ఇంజను ఆయిలు మండుతున్నదని అనుమానించాలి. ఇంజను వేడెక్కిన తరువాత కూడా తెల్లపొగ ఆగకపోతే లోపలికి నీరు చేరుతున్నదేమో చూడాలి. మామ పంపు జోలికి పోలేదు. "పంపు ఆ ఇంజనుతో పుట్టింది. గాలి గొట్టం ఈ బండిలో పుట్టింది. ముందు దాన్ని చూడు" అన్నాడు. నిజమే. డీజిలు ఇంజను ఎత్తు ఎక్కువ. బానెట్టు మూస్తే ఎయిర్ ఫిల్టరు రబ్బరు గొట్టం నొక్కుకుపోతున్నది. బానెట్టు తెరిచి చూసినవారికి గొట్టం బాగానే కనిపించేది! అందుకే ఇదివరకటి షెడ్డులో ఎవరికీ దొరకలేదు. గొట్టాన్ని పక్కకు తిప్పి బిగిస్తే పొగ తగ్గింది. ఆ పని అరగంటలో ముగిసింది.

రెండో జబ్బు అంత తేలికగా లొంగలేదు. ముందు ఒక పరీక్ష చేశారు. చదునైన చోట, బండి ముందు ఎవరూ లేకుండా చూసి, హ్యాండు బ్రేకు గట్టిగా లాగి, నాలుగో గేరు వేసి, క్లచ్చి పెడలును మెల్లగా వదలాలి. క్లచ్చి మంచిదైతే ఇంజను ఠక్కున ఆగిపోతుంది. ఇది ఆగలేదు. క్లచ్చి జారుతున్నది, అనుమానం లేదు. తరువాత గేరు తీసి న్యూట్రలులో ఉంచి విన్నారు. పెడలు వదిలినప్పుడు గరగరమని శబ్దం, నొక్కితే శబ్దం లేదు. పెడలు నొక్కినప్పుడు గేర్‌బాక్సు లోపలికి వచ్చే షాఫ్టు తిరగడం మానుతుంది. అప్పుడు శబ్దం ఆగిందంటే ఆ షాఫ్టు బేరింగు అరిగిందని అర్థం. నొక్కినప్పుడే శబ్దం వచ్చి ఉంటే క్లచ్చి రిలీజు బేరింగును అనుమానించవలసి ఉండేది.

ఇంతవరకు వచ్చినవారు ఇంకొకరైతే ప్లేటు, బేరింగు కొత్తవి వేసి పంపేవారు. అదే కదా రెండుసార్లు జరిగింది! గేర్‌బాక్సు దించాక మామ క్లచ్చి ప్లేటుమీద వేలు రాచి, రెండు వేళ్లమధ్య నలిపి, వాసన చూశాడు. డీజిలు ఇంజను ఆయిలు కొద్ది రోజులకే నల్లగా అవుతుంది. ఇది తేనె రంగులో ఉంది. గంధకం లాంటి ఘాటు వాసన ఉంది. అంటే ఇంజను వైపునుంచి రాలేదు, గేర్‌బాక్సు ఆయిలే ముందుకు కారింది. బేరింగు అరిగి షాఫ్టు ఊగుతున్నది. ఊగే షాఫ్టు పక్కనుంచి ఆయిలు కారుతున్నది. ఆయిలు పడిన ప్లేటు జారుతున్నది. మరి బేరింగు మూడు నెలల్లో రెండుసార్లు ఎందుకు అరిగింది?

ఆ ఇంజనూ ఈ గేర్‌బాక్సూ ఒకదానికొకటి పుట్టినవి కావు. రెంటినీ కలపడానికి మధ్యలో లేతుమీద చేసిన ఒక ఉక్కు ప్లేటు ఉంది. మామ ఫ్లైవీలుమీద డయలు గేజిని నిలబెట్టి, దాని ముల్లు ఆ ప్లేటు రంధ్రం అంచును తాకేటట్లు పెట్టి, ఇంజనును చేత్తో ఒక చుట్టు తిప్పించాడు. ముల్లు ఒకచోటికీ దానికి ఎదురుచోటికీ మధ్య 0.60 మిల్లీమీటరు కదిలింది. ఇటు ఎంత జరిగితే అటు అంత తగ్గుతుంది కనుక అసలు తేడా అందులో సగం, అంటే 0.30 మిల్లీమీటరు. తలవెంట్రుకలు నాలుగు పక్కపక్కన పెట్టినంత. అంత తేడాతో ఇంజను కేంద్రం ఒకచోట, గేర్‌బాక్సు కేంద్రం ఇంకొకచోట ఉన్నాయి. నిమిషానికి వేలసార్లు తిరిగే షాఫ్టు ప్రతి చుట్టులోనూ ఆ తేడాను బేరింగుమీద తీర్చుకుంటున్నది.

"గేర్‌బాక్సు మార్చి ఉంటే?" అని అడిగాను.

"కొత్త గేర్‌బాక్సు ఒక నెల ఎక్కువ వచ్చేది" అన్నాడు మామ.

ప్లేటును లేతు పట్టరకు తీసుకుపోయి, పిన్నుల రంధ్రాలు పూడ్చి, కొలత చూసి కొత్తగా వేయించారు. మళ్లీ గేజి పెడితే ముల్లు 0.08 దగ్గర ఆగింది. ఒక బేరింగు, ఒక క్లచ్చి ప్లేటు, గేర్‌బాక్సు ఆయిలు, లేతు కూలి, అంతే ఖర్చయింది. డీజిలు ఇంజను బరువుకు ముందు స్ప్రింగులు కుంగి ఉన్నాయని, సీజను అయిపోయాక అవీ మార్పించుకోమని మామ చెప్పాడు. అతడు ఒప్పుకొని, మార్పించుకోలేదు. మరుసటి ఏడాది ఆ పనికే వచ్చాడు.

బండిని మార్చడమంటే టాక్సీలకు ఖర్చు తగ్గించడం ఒక్కటే కాదు. కోయంబత్తూరు మిల్లు యజమానుల కుటుంబంలో పుట్టిన ఎస్. కరివర్ధన్ మారుతి 800 కారు ఇంజనును, గేర్‌బాక్సును తీసుకొని ఒకే మనిషి కూర్చునే పందెపు కారును రూపొందించారు. దాన్ని ఫార్ములా మారుతి అన్నారు. 2005లో ఫార్ములా వన్ పందేలలో దిగిన తొలి భారతీయుడు, కోయంబత్తూరువాడైన నరేన్ కార్తికేయన్, తన పందేలను మొదలుపెట్టింది ఫార్ములా మారుతితోనే. కరివర్ధన్ 1995లో విమాన ప్రమాదంలో మరణించారు. కోయంబత్తూరు దగ్గరి పందెపు బాటకు ఆయన పేరే పెట్టారు. ఇంటి కారులో ముందు ఉండే ఇంజను ఈ కారులో డ్రైవరు వెనుకకు పోయింది. అలాంటప్పుడు గేరు కర్ర నుంచి గేర్‌బాక్సుకు పోయే కడ్డీలను కొత్తగా చేయాలి, నీటి గొట్టాల దారి మార్చాలి. ఆ అమరికలో గేరు సరిగా పడకపోతే మొదట ఏమి చూడాలో మీరే చెప్పగలరు.

అభ్యాసం

1. "ఇది ఒక జబ్బు కాదురా, రెండు" అని మామ ఏ మాటను బట్టి గ్రహించాడు?
2. క్లచ్చి ప్లేటుమీద నల్లని, ఘాటైన గంధకపు వాసనలేని ఆయిలు కనిపించి ఉంటే మామ ఎటువైపు వెదికేవాడు? ఎందుకు?
3. డయలు గేజి ముల్లు మొత్తం 0.44 మిల్లీమీటరు కదిలితే రెండు కేంద్రాల మధ్య తేడా ఎంత?
4. మీ వీధిలోని సైకిలు షాపులోగాని, మోటారు షెడ్డులోగాని ఒక గంట కూర్చోండి. బండి తెచ్చినవారు లోపాన్ని ఏ మాటలతో చెప్పారో, మెకానిక్కు తిరిగి ఏమి అడిగాడో పది వాక్యాలలో రాయండి.