పూటకూళ్ల యింటి తరువాత

చదువవలసిన భాగము: లూకా 10:30–35

సమరయుడు గాయములు కట్టి అంతటితో ఊరకుండలేదు. పూటకూళ్లవానికి రెండు దేనారములిచ్చి, మరల వచ్చెదనని మాట యిచ్చెను. ఆ మాటను మనము తరచుగా మరచిపోవుదుము.

1967 మొదలు 1970 వరకు నైజీరియా దేశమున అంతర్యుద్ధము జరిగెను. బయాఫ్రా ప్రాంతము ముట్టడింపబడగా, ఇల్లు విడిచి పారిపోయిన పిల్లలు మాంసకృత్తులు లేక కాళ్లు, కడుపు ఉబ్బి, వెండ్రుకలు ఎఱ్ఱబారి చనిపోవుచుండిరి. దుంపలు ఆకలి తీర్చినను ప్రాణము నిలుపలేదు. అప్పుడు ప్రొటెస్టెంటు, రోమను కాథలిక్కు సంఘములు ఏకమై, సావో టోమే ద్వీపమునుండి రాత్రివేళ విమానములలో పాలపొడిని, ఎండుచేపలను పంపెను. ఆ విమానములు ఉలీ అను చోట ఒక రహదారిమీదనే దిగుచుండెను.

వేలకొలది పిల్లలను గాబన్, ఐవరీ కోస్టు దేశములకు చేర్చి బ్రదికించిరి. యుద్ధము ముగిసెను గాని పని ముగియలేదు. 1970–71లో, ఐక్యరాజ్యసమితి శరణార్థుల సంస్థ తోడ్పాటుతో, ఆ పిల్లలను మరల స్వదేశమునకు తెచ్చిరి.

కాబట్టి కానుక వేయుటతోనే మన బాధ్యత తీరదు. దిక్కులేని బిడ్డకు అన్నము పెట్టిన మనము, వాని బంధువులను వెదకితిమా?